‘కాలువగట్టు’ పత్రికలో తెల్లగడుల కేసు

సూర్యాపేటలో హైవే పక్కన, పంక్చర్ దుకాణం మీది మేడగదిలో డిటెక్టివ్ యోహాను పొద్దస్తమానం నిద్రపోతాడని ఊళ్ళో ఒక మాట ఉంది. అది అబద్ధం. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచిస్తాడు. ఆ ఆలోచన గురకలాగా వినబడుతుంది, అంతే. ఆ చప్పుడు విని విజయవాడ వైపు పోయే లారీలు, ఎదురుగా ఏదో పెద్ద బండి వస్తున్నదనుకుని గేరు తగ్గించిన రోజులున్నాయి. నమ్మనివాళ్ళు కింద పంక్చర్లు వేసే మత్తయ్యను అడగవచ్చు. అతను ఇంకో నాలుగు కలిపి మరీ చెబుతాడు.

యోహానుకు గోపిక అనే సహాయకురాలు ఉంది. ఆయన తుమ్మినా అందులో ఏదో ఒక ఆధారం దొరుకుతుందని ఆమె నమ్మకం.

ఆషాఢ మాసం చివరి రోజులు. ముసురు పట్టి ఊరంతా తడి గుడ్డ కప్పుకున్నట్టుంది. ఆ బుధవారం మధ్యాహ్నం ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. తను పూర్తిగా తడిసింది కానీ చేతిలోని ఫోను మాత్రం పాలిథిన్ కవరులో పొడిగా ఉంది.

“సార్, మా ఫోటోలు మాయమైతున్నయ్,” అన్నది వణుకుతూ.

“ముందు కూసో బిడ్డా. ఫోటోలు యాడికి పోవు,” అన్నాడు యోహాను, ఒక కన్ను మాత్రం తెరిచి.

ఆ అమ్మాయి పేరు సుధ. నేరేడుచర్ల దగ్గర తండా ఆమెది. కోదాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నది. ఆ కాలేజీ విద్యార్థులు ‘కాలువగట్టు’ అని ఇంటర్నెట్లో ఒక పత్రిక నడుపుతారు. దానికి ఈ ఏడు సుధ ఎడిటర్.

“కొత్త సంచికల రాత సక్కగనే ఎక్కుతున్నది సార్. ఫోటో పెడితే మాత్రం ఆ జాగల తెల్లటి గడి మిగులుతది. పత్రిక చూసుకునే సోమయ్య సార్, నేనే ఏదో నొక్కి ఖరాబ్ జేసిన అంటున్నడు. శనివారం దాక బాగు గాకపోతే నన్ను తీసేసి వందనను ఎడిటర్ జేస్తడంట.”

“చేస్తే చెయ్యనీ. కుర్చీ ఒక్కటే లోకమా?”

సుధ కవరు మీది నీటిచుక్కలను వేలితో కలుపుతూ కూర్చుంది.

“కుర్చీ కోసం గాదు సార్. మొన్న సాగర్ ఎడమ కాలువకు నీళ్ళొచ్చినయ్. మా యాడి పసుపు కుంకుమ పట్టుకొని పోయి నీళ్ళకు మొక్కింది. యాడి అంటే అమ్మ సార్, మా లంబాడీ మాటల. నేను ఫోటో తీసి, దాని మీద వార్త రాసిన. మా యాడికి సదువు రాదు. నా పేరు గూడ సదవలేదు. నా పత్రికల ఆమె సదివేది ఫోటో ఒక్కటే. ఆదివారం వస్తదని తండ మొత్తం చెప్పి పెట్టింది. తెల్లగడి సూపెట్టి ఇది నువ్వే యాడీ అని ఎట్ల జెప్పాలె?”

యోహాను రెండో కన్ను కూడా తెరిచాడు. అలా తెరిస్తే కేసు తీసుకున్నట్టని గోపికకు తెలుసు.

“ఫోటో మరీ బరువున్నదేమో?”

“సన్నగ జేసి గూడ పెట్టినం. ఎక్కలే.”

“మరి ఏ ఫోటో ఎక్కుతలేదా?”

“అదే పరేషాన్ సార్. మొన్న మా క్యాంటీన్ల దోశ మొదలైందని చిన్న వార్త నేనే తెరిచి పెట్టిన. దోశ ఫోటో ముద్దుగ ఎక్కింది. అదే దోశను కొత్త సంచికల పెడితే ఎక్కలే.”

“సంచిక పేజీలు ఎవలు తెరుస్తరు?”

“సోమయ్య సారే. పెద్దల చెయ్యితోని మొదలు గావాల్నని మొదటి సంది అదే అలవాటు. సార్ తన లాగిన్‌తోని ఖాళీ పేజీలు తెరిచి ఇస్తడు. మేం నింపుతం.”

“ఎక్కనప్పుడు ఏమన్న చెప్తదా?”

“ఎర్రగ ఒక ముక్క ఇంగ్లీషుల వస్తది. ఫోటో చేరింది గని దాన్ని దాని జాగల పెట్టలేకపోయినం అని. సార్ కాన్సిల్ కొట్టమంటడు, కొడతం.”

సుధ ఫోను తెరిచి చూపించింది. పైన ‘కాలువగట్టు’ అన్న పేరు, దాని కింద జూన్ నెల తేదీ ఒకటి, ఆ కింద వార్తల మధ్య తెల్లటి గడులు. కొంగలన్నీ ఒక్కసారే లేచిపోతూ తమ తెలుపును మాత్రం పొలంలో వదిలిపోయినట్టు అనిపించింది గోపికకు. జూన్ అంటే కాలేజీ తెరిచిన తేదీ కాబోలనుకుని వదిలేసింది.

సుధ వెళ్ళాక యోహాను మళ్ళీ కళ్ళు మూశాడు.

“గోపికా, ఆ ఎర్ర ముక్క ఫోటో రాలే అనలే. వచ్చింది గని పెట్టలేకపోయినం అన్నది. చుట్టం వచ్చి గుమ్మం బయట నిలబడ్డడంటే దారి మంచిగనే ఉన్నట్టు. తలుపే పడ్డది.”

“ఎవరు వేశారు సార్?”

సమాధానంగా గురక వినబడింది. కింద రోడ్డు మీద ఒక లారీ గేరు తగ్గించింది.

*

మరునాడు మధ్యాహ్నం వాళ్ళు కోదాడ వెళ్ళారు. బస్సు కిటికీలోంచి చూస్తే నీళ్ళు నిండిన మళ్ళలో మబ్బులు కిందికి దిగి నడుస్తున్నాయి. నారు పీకే ఆడవాళ్ళు ఆకాశంలో వంగి పనిచేస్తున్నట్టున్నారు. గోపికకు కాసేపు బస్సు నేల మీద పోతున్నదో నీళ్ళ మీద పోతున్నదో తెలియలేదు.

కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ముందు సోమయ్య సార్ ఎదురొచ్చాడు. ఫిజిక్స్ లెక్చరర్. మూఢనమ్మకాల మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలకు జిల్లాలో పేరుంది. ఒకసారి ఆయన మాట్లాడుతుంటే సభలో కూర్చున్న చిలక జోస్యం చిలక పంజరం తలుపు తీసుకుని రాజీనామా చేసి వెళ్ళిపోయిందని విద్యార్థులు చెప్పుకుంటారు.

“డిటెక్టివ్ అంటే నిమ్మకాయలు పట్టుకొని వస్తరేమో అనుకున్న,” అన్నాడు సోమయ్య సార్ నవ్వుతూ.

“నిమ్మకాయ పులిహోరల ఉంటెనే నాకు నమ్మకం సార్. లోపలికి పోదమా?”

సోమయ్య సార్ గడప దగ్గర ఆగాడు. గడియారం చూసుకున్నాడు. “తొందరేముంది, చాయ్ తాగి పోదం,” అన్నాడు. చాయ్ వచ్చింది. అయిపోయింది. ఇంకో చాయ్ వచ్చింది. కోదాడ చాయ్ చిక్కదనం గురించి తెలిసినవాళ్ళకు తెలుసు, అందులో పడ్డ చీమ మునగదు, నడుచుకుంటూ అవతలి ఒడ్డుకు పోతుంది. మూడు దాటాక సోమయ్య సార్ గడియారం మరోసారి చూసుకుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచాడు. కంప్యూటర్ ముందు కూర్చోబోతూ కుర్చీని తూర్పు వైపుకు తిప్పుకున్నాడు.

“అటు వెలుతురు కండ్లల్ల కొడతది,” అన్నాడు.

యోహాను కిటికీ వైపు చూసి ఆవులించాడు.

తరువాత వందనను పిలిపించారు. కోదాడ పిల్ల. సుధకు పోటీ. మాటకు మాట తడుముకోకుండా చెప్పేది.

“మా ఇద్దరికీ పడదని ఈపాటికి చెప్పే ఉంటారు. నిజమేనండి, పడదు. నేను కామాలు పెడితే ఆవిడ తీసేస్తుంది. ఆవిడ తీసేస్తే నేను మళ్ళీ పెడతాను. అంతమాత్రానికి ఫోటోలు మాయం చేస్తానా?”

“ఎడిటర్ కుర్చీ నీకొస్తదట గదమ్మా.”

“వస్తే ఏం లాభమండి, ఫోటోలు లేని పత్రికకు? నా ‘హాస్టల్ గోడ మీద పిల్లి’ ఫోటో కూడా ఎక్కలేదు. ఆ పిల్లిని కూర్చోబెట్టడానికి ఎంత కష్టపడ్డానో మీకేం తెలుసు?”

“మరి నీ అనుమానం ఎవలి మీద?”

వందన గొంతు తగ్గించింది. “సైటు కట్టింది మా సీనియర్ బాలాజీ. డిగ్రీ అయిపోయి ఈ జూలై మొదట్లోనే మిర్యాలగూడ వెళ్ళాడు, రైస్ మిల్లు ఆఫీసులో పని. పోయేముందు సైటులో ఏవో తాళాలు వేసి పోయాడండి. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.”

బయటికి వచ్చాక గోపిక ఆత్రంగా అన్నది. “దొరికాడు సార్.”

“దొరికింది తాళం. దొంగ దొరకలే,” అన్నాడు యోహాను. “ఈ పూట ఎండ గిట్ల ఉన్నదా గోపికా?”

“ఎండెక్కడిది సార్, పొద్దుటి నుంచి ముసురేగా.”

“అవునా,” అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

*

శుక్రవారం మిర్యాలగూడలో గాలి కూడా ఉడికిన వడ్ల వాసన వేస్తున్నది. ఆ ఊళ్ళో నోరు తెరిచి రెండుసార్లు ఆవులించినవాడికి రాత్రి భోజనం అక్కర్లేదంటారు. మిల్లు ఆవరణలో ఊకధూళి వానతెరలో చిక్కుకుని బంగారు పొగలాగా నిలబడి ఉంది. ఆ పొగలోంచి బాలాజీ నడిచి వచ్చాడు, కనుబొమ్మల మీద పొట్టుతో, ఆ వయసుకే ముసలివాడిలాగా.

“తాళాలు ఏసింది నేనే,” అన్నాడు దాచకుండా. “జాగ సాలుతలేదని జూనియర్లు పాత ఫోటోలు డిలీట్ కొడుతుండ్రి. మొదటి సంచికల ఫోటోలు, మా బ్యాచ్‌వి, సగం అట్లనే పోయినయ్. అందుకే జూన్ దాక ఉన్న గదులన్నిటికి తాళమేసిన. సూడొచ్చు, కొత్తగ పెట్టరాదు, తియ్యరాదు.”

“గదులేంది నాయనా?” అన్నాడు యోహాను అమాయకంగా.

బాలాజీ వెనక్కి తిరిగి గోదాము చూపించాడు. “గీడ వడ్లు ఎట్లనో గాడ ఫోటోలు అట్ల. నెలకొక గది. జూలై ఫోటోలకు జూలై గది, ఆగస్టు ఫోటోలకు ఆగస్టు గది. దానంతట అదే తెరుసుకుంటది.”

“ఏ ఫోటో ఏ గదికి పోవాల్నో ఎవలు చెప్తరు?”

“బస్తా మీద చీటీ ఉన్నట్టు, వార్త మీద తేదీ ఉంటది. ఆ తేదీ ఏ నెలదైతే ఫోటో ఆ గదికి పోతది. ఇప్పటి వార్తలకు జూలై గది. దానికి తాళమే లేదు. మరి సుధ చెల్లె ఫోటోలు ఎందుకు ఎక్కుతలేవో నాకు సమజైతలేదు సార్. ఆమెను తీసేస్తరంటే నాకే నిద్ర పడతలేదు.”

“రేపు కోదాడకు రా. నిద్ర అక్కడ పడతది.”

తిరుగు ప్రయాణంలో నేరేడుచర్ల వైపు షేర్ ఆటో ఎక్కారు. కాలువ పక్కనుంచి రోడ్డు పోతున్నది. ఎర్రటి కొత్త నీరు గట్లు ఒరుసుకుంటూ, ఎవరో చెప్పిన పాత కథను తనలో తాను చెప్పుకుంటున్నట్టు గొణుగుతూ పారుతున్నది. నీటి మీద బంతిపూల రేకులు తేలిపోతున్నాయి. యోహాను కళ్ళు మూసుకున్నాడు. ఈసారి గురక లేదు.

*

శనివారం అందరినీ ల్యాబులో చేర్చారు. సమావేశం పదిన్నర దాటాకే మొదలుపెడదామని సోమయ్య సార్ ముందే కబురు పంపాడు. సుధ తలుపు పక్కన నిలబడింది. వందన, బాలాజీ బల్ల చివర కూర్చున్నారు. గోపిక కంప్యూటర్ పక్కన నిలబడింది.

“ఇందుల దొంగలు లేరు,” అన్నాడు యోహాను. “ఇద్దరు మంచోళ్ళున్నరు. ఒకరు తాళమేసిండ్రు. ఇంకొకరు తెల్వక ఫోటోలను ఆ తాళమున్న తలుపు దిక్కు తోలిండ్రు. ఏ ఒక్కరు ఊకున్నా ఏం గాకపోతుండె.”

బాలాజీ తాళాల సంగతి, గదుల సంగతి అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. వందన నుదురు ముడిచింది.

“అయితే జూన్ గదికి ఎందుకు పోతాయండి? ఇది జూలై కదా.”

“దోశ యాడికి పోయింది?” అని అడిగాడు యోహాను. “సుధ తెరిచిన వార్త మీద ఆ రోజు తేదీ ఉన్నది. దోశ జూలై గదికి పోయి కూసున్నది. సంచిక పేజీల మీద ఉన్న తేదీ చదువమ్మా గోపికా.”

గోపిక తెర మీదికి వంగింది. మొన్న చూసి వదిలేసిన తేదీయే అది. ఆమె చెవులు వేడెక్కాయి.

“జూన్ సార్.”

“ఆ పేజీలు తెరిచేది ఒక్కరే. ఆ లాగిన్ ఒక్కరిదే.”

అందరి చూపులూ సోమయ్య సార్ వైపు తిరిగాయి. ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు.

“ఏదో పొరపాటున పడి ఉంటది,” అన్నాడు.

“ఉండొచ్చు సార్. మొన్న గురువారం మనం మూడు దాటేదాక చాయ్ తాగినం. గురువారం రాహుకాలం మూడు దాక. ఇయ్యాళ శనివారం, పదిన్నర దాటినంక మొదలువెట్టినం. ముసురుల వెలుతురు కండ్లల్ల కొడతదని కుర్చీ తూర్పుకు తిప్పుకున్నరు. అవన్ని గూడ పొరపాట్లే అయి ఉండొచ్చు. ఇది ఆషాఢం. కొత్త పని ఏదీ మొదలువెట్టరు. సంచిక మొదలువెట్టాలె, మాసమేమో మంచిది గాదు. అందుకని పేజీల మీద పోయిన నెలల ఒక మంచి రోజు తేదీ ఏసిండ్రు. ఎవలికి నష్టం, తేదీయే గద అనుకున్నరు.”

 సోమయ్య సార్ చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

“నేను పత్రిక తీసుకున్నంక మొదటి సంచిక విడుదల రోజు ప్రొజెక్టర్ కాలిపోయింది,” అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. “రెండోదానికి ముఖ్య అతిథిని తేనెటీగలు తరిమినయ్. మూడోదానికి మా అత్తగారు పోయింది. ఫిజిక్స్ చెప్పేటోన్ని. దీనికి దానికి సంబంధం లేదని నాకు తెల్వదా. తెలుసు. తెలిసి గూడ చెయ్యి ఆగుతది. ఇంట్ల ముసలమ్మ పెంచిన చెయ్యి ఇది.” సుధ వైపు తిరిగాడు. “నా తప్పుకు నిన్ను దోషిని జేసిన బిడ్డా.”

సుధ తల అడ్డంగా ఊపింది.

బాలాజీ లేచాడు. “ఇగ ఏమున్నది సార్. జూన్ గది తాళం ఇప్పుడే తీస్త. ఫోటోలు పోయి కూసుంటయ్. తేదీ అట్లనే ఉండనియ్యుండ్రి.”

సోమయ్య సార్ ముఖంలోకి ప్రాణం వచ్చింది. కానీ సుధ ముందుకు వచ్చి నిలబడింది.

“వద్దన్నా. జూన్ల మా కాలువ ఎండి ఉండె. నీళ్ళు ఈ నెలల వచ్చినయ్. జూన్ తేదీ ఏసి నీళ్ళు సూపెడితే సూసినోళ్ళు ఎప్పటిదో పాత ఫోటో అంటరు. మా యాడి మొక్కిన రోజు అబద్ధమైతది.”

అంటే తేదీ మార్చాలి. ఇవాళ్టి తేదీ వేయాలి. ఆ పేజీలు సోమయ్య సార్‌వి, మార్చవలసిన చెయ్యి ఆయనది.

ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. జూన్ చెరిపేశాడు. జూలై వేశాడు. మార్పు ఖాయం చేసే బొత్తాం మీదికి బాణం గుర్తును తెచ్చాడు. అక్కడ ఆయన వేలు ఆగిపోయింది.  కిటికీ బయట ముసురు కూడా కాసేపు ఎవరో పట్టి ఉంచినట్టు ఆగింది.

“సార్,” అన్నది సుధ మెల్లగా. “నేను ఆషాఢంలనే పుట్టిన.”

సోమయ్య సార్ తల ఎత్తలేదు.

“నీళ్ళు గూడ ఆషాఢంలనే వచ్చినయ్ సార్. కాలువ ఎవల్నీ అడిగి రాలే.”

వేలు కిందికి దిగింది.

సుధ ఫోటో పెట్టింది. తెల్లటి గడి మధ్యలో చిన్న చక్రం తిరిగింది. ముందు పైన కొంచెం ఆకాశం వచ్చింది. తరువాత గట్టు వచ్చింది. గట్టు మీద అద్దాల రైక వేసుకున్న ఒక ఆడమనిషి నీళ్ళ మీదికి వంగి కనబడింది. చివర గడి నిండా ఎర్రటి నీరు వచ్చి చేరింది. ఆ వెనకే వందన పిల్లి వచ్చి గోడ మీద కూర్చుంది.

“కామా పెట్టుకో పో,” అన్నది సుధ కళ్ళు తుడుచుకుంటూ.

“పెట్టేశాలే,” అన్నది వందన.

వెళ్ళేముందు సోమయ్య సార్ పత్రిక లాగిన్ సుధకు రాసిచ్చాడు. ఇకమీద పేజీ తెరిచేది రాసేవాళ్ళేనన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గడియారం చూసుకోలేదు. గోపిక ప్రత్యేకంగా గమనించింది.

*

ఆదివారం తండాకు రమ్మని సుధ పట్టుబట్టింది. ఫీజు కింద జొన్నరొట్టె, కోడికూర అని ముందే మాటయింది. ఆ రొట్టె ఎంత వెడల్పంటే యోహాను ఒక అంచు తింటుంటే రెండో అంచు మీద పక్కింటి కోడి ఎండ కాచుకుంటున్నదని గోపిక ఇప్పటికీ చెబుతుంది.

వాన తెరిపి ఇచ్చింది. సుధ తల్లి గౌరీబాయి వాకిట్లో మంచం మీద కూర్చుంటే చుట్టూ తండా ఆడవాళ్ళు మూగారు. సుధ ఫోను తల్లి చేతిలో పెట్టింది.

గౌరీబాయి తనను తాను చూసుకున్నది. వెనక ఉన్న నీళ్ళను అంతకన్నా ఎక్కువ చూసింది. తరువాత కొంగు తీసి ఫోను అద్దాన్ని జాగ్రత్తగా తుడిచింది. మళ్ళీ చూసి, మళ్ళీ తుడిచింది.

“ఏమాయె యాడీ?” అన్నది సుధ.

“తడి అంటింది బిడ్డా. పోతలేదు.”

సుధ వంగి చూసింది. అద్దం పొడిగానే ఉంది. కాలువలోంచి ఎగిరిన చుక్క ఒకటి ఫోటోలో, గౌరీబాయి చెంప మీద మెరుస్తున్నది.